పదకొండేళ్లు తెరిచి ఉన్న తలుపు: లినక్స్ కెర్నెల్‌లో 'డర్టీ కౌ' చరిత్ర



మన గ్రూపులో ఉద్యమాల చరిత్ర, భూముల చరిత్ర, భాషల చరిత్ర రాసుకుంటూ వస్తున్నాం. ఈసారి కొంచెం వేరే చరిత్ర. మన చేతిలో ఉన్న ఫోన్ లోపలి చరిత్ర. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి. కంప్యూటర్ సైన్స్ చదవనివాళ్లకి కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నం చేశాను.

ముందు విషయం చెప్పేస్తాను. 2017 సెప్టెంబర్‌లో ట్రెండ్ మైక్రో అనే సెక్యూరిటీ సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. 'జెడ్‌నియు' అనే దొంగ ప్రోగ్రాం 40కి పైగా దేశాల్లో ఆండ్రాయిడ్ ఫోన్లలోకి దూరింది. 1,200కి పైగా దొంగ యాప్‌లలో దాన్ని దాచి పెట్టారు. అప్పటికి 5,000 మందికి పైగా దాని బారిన పడ్డారని లెక్క తేలింది. వాళ్లలో ఎక్కువ మంది రెండు దేశాలవాళ్లు: చైనా, ఇండియా.

అది లోపలికి రావడానికి వాడుకున్న కన్నం కొత్తది కాదు. దాన్ని 2005లోనే చూశారు. పూడ్చారు కూడా. తర్వాత ఆ పూడ్చిన మట్టి తీసేశారు. చూసిన కన్నాన్ని అట్లా ఎందుకు వదిలేశారు, దాని ఖర్చు చివరికి ఎవరి మీద పడింది, ఈ పోస్టులో అదే చెప్పుకుందాం.

'రూట్' అంటే ఎవరు?

మనలో కొందరు తమ్ముళ్లు ఫోన్ 'రూట్' చేస్తుంటారు. ఆ మాట ఎక్కడిదో చూద్దాం. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, వాళ్ల తోటివాళ్లు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఒక్కరి సొత్తు కాదు. ఒకే మిషన్ మీద చాలామంది పని చేసేవాళ్లు. ఒకడి ఫైళ్లు ఇంకొకడు చెరిపేయకూడదు, ఎవడూ మొత్తం మిషన్‌ని ఆపేయకూడదు. అందుకని ఒక్కొక్కరికి ఒక్కో హద్దు గీశారు. ఏ హద్దూ లేని ఒక్క ఖాతా మాత్రం ఉంచారు. దాని పేరే రూట్. మిషన్‌ని చూసుకునేవాడు ఆ ఖాతాతో ఏ ఫైల్ అయినా చదవొచ్చు, మార్చొచ్చు, తీసేయొచ్చు.

ఈ హద్దుల్ని కాపలా కాసేదే కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటే లోపలి భాగం అది. మనం తెరిచే ప్రతి యాప్, ఫోటో తీయాలన్నా, ఫైల్ చదవాలన్నా, నెట్‌కి వెళ్లాలన్నా కెర్నెల్‌నే అడగాలి. అది సరే అంటే పని జరుగుతుంది, లేదంటే లేదు.

1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీలో చదువుతున్న 21 ఏళ్ల కుర్రాడు లినస్ టోర్వాల్డ్స్, తాను సొంతంగా ఒక కెర్నెల్ రాస్తున్నానని ప్రకటించాడు. అదే లినక్స్. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. తర్వాత వేల మంది చేతులు కలిశాయి. 2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు వాటి లోపల పెట్టింది కూడా ఈ లినక్స్ కెర్నెల్‌నే. అంటే మన ఊళ్లో పదివేలకి కొన్న ఫోన్‌కీ, పెద్ద పెద్ద కంపెనీల సర్వర్లకీ లోపల కాపలాదారు ఒక్కడే.

ఆ కాపలాదారుడి దగ్గర కన్నం దొరికితే, చిన్న హక్కుతో లోపలికొచ్చినవాడు రూట్ అయిపోతాడు. దీన్నే ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. అద్దెకి ఒక గదిలో దిగినవాడు రాత్రికి రాత్రి ఇల్లంతటికీ యజమాని అయిపోయినట్టు.

జిరాక్స్ కాగితం, అసలు పహాణీ

ఇప్పుడు ఆ కన్నం ఎట్లా పని చేసిందో చూద్దాం. మనకి బాగా తెలిసిన ఆఫీసునే ఉదాహరణగా తీసుకుందాం.

తహసీల్దార్ ఆఫీసులో అసలు పహాణీ ఉంది అనుకోండి. చదవడానికి ఎవరికైనా చూపిస్తారు, రాయడానికి మాత్రం ఎవరికీ ఇవ్వరు. మీరు వెళ్లి "దీని మీద గుర్తులు పెట్టుకోవాలి" అన్నారు. గుమాస్తా ఏం చేస్తాడు? ఒక జిరాక్స్ తీస్తాడు. మీరు ఏం రాయమన్నా ఆ జిరాక్స్ మీదే రాస్తాడు. అసలు కాగితానికి ఏమీ కాదు. ముందే అందరికీ జిరాక్స్‌లు తీసి ఉంచితే కాగితం వృథా. రాస్తానన్నవాడికి మాత్రమే, రాసేటప్పుడు మాత్రమే తీస్తే చాలు.

కెర్నెల్ కూడా మెమరీ పొదుపు కోసం అచ్చం ఇట్లాగే చేస్తుంది. ఈ పద్ధతి పేరు 'కాపీ ఆన్ రైట్'. ఈ మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'కౌ' అని వస్తుంది. మార్పు జరిగిన మెమరీ పేజీని కంప్యూటర్ భాషలో 'డర్టీ' అంటారు. డర్టీ కౌ అనే పేరు అట్లా వచ్చింది. దీని అధికారిక నంబర్ సి.వి.ఇ-2016-5195.

మరి తప్పు ఎక్కడ? గుమాస్తా పని రెండు మెట్లలో జరుగుతుంది. ఒకటి, జిరాక్స్ తీయడం. రెండు, దాని మీద రాయడం. జిరాక్స్ తీశాక, "సరే, కాపీ అయిపోయింది, ఇంక రాయొచ్చు" అని మనసులో అనుకుంటాడు. సరిగ్గా ఆ రెండు మెట్ల మధ్యలో, మీతో వచ్చిన ఇంకొకడు "ఆ జిరాక్స్ మాకు అక్కర్లేదు, పారేయండి" అంటాడు. గుమాస్తా పారేస్తాడు. తర్వాత రాయడానికి వంగి చూస్తే బల్ల మీద జిరాక్స్ లేదు, అసలు పహాణీ ఒక్కటే ఉంది. కాపీ తీసే పని ఇందాకే అయిపోయిందనే లెక్కలో ఉన్నాడు కాబట్టి, మళ్లీ తనిఖీ చేయడు. కలం తీసి అసలు కాగితం మీదే రాసేస్తాడు.

గమనించండి, రాసింది మీరు కాదు. రాసే అధికారం ఉన్న గుమాస్తానే మీ తరపున రాసిపెట్టాడు.

ఈ సందు కంటికి కనపడనంత చిన్నది. ఒకసారి చేస్తే దొరకదు. కానీ కంప్యూటర్‌కి విసుగు ఉండదు గదా. ఒక పక్క "రాయి, రాయి" అని, ఇంకో పక్క "పారెయ్, పారెయ్" అని వేల సార్లు అడిగితే, ఎప్పుడో ఒకసారి రెండూ సరిగ్గా ఆ సందులో కలుస్తాయి. ఇట్లాంటి తప్పుని రేస్ కండిషన్ అంటారు, అంటే ఎవరు ముందు చేరతారు అనే పరుగు పందెం.

అట్లా పాస్‌వర్డ్ ఖాతాలుండే ఫైల్‌లో ఒక్క వరుస మార్చినా చాలు, మామూలు యూజర్ రూట్ అయిపోతాడు. పహాణీలో ఒక్క పేరు మారితే ఏమవుతుందో మన ఇళ్లలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇదీ అంతే.

2005: చూశారు, పూడ్చారు, తీసేశారు

ఈ సందుని 2005లో మూసేయాలని చూసింది లినస్ టోర్వాల్డ్సే. 2005 ఆగస్టులో దాన్ని మూసేస్తూ మార్పు చేశాడు కూడా. కథ అక్కడితో అయిపోవాలి. కానీ కాలేదు.

లినక్స్ ఒక్క రకం మిషన్ మీద నడవదు. ఐ.బి.ఎం. కంపెనీ పెద్ద పెద్ద మిషన్లలో ఎస్-390 అనే రకం ఉంది. ఒక పేజీ మారిందా లేదా అనే గుర్తుని మిగతా మిషన్లు పెట్టే చోట అది పెట్టదు, వేరే చోట పెడుతుంది. టోర్వాల్డ్స్ మార్పు ఆ గుర్తు మీదే ఆధారపడింది. దాంతో ఎస్-390 మీద ఇబ్బంది వచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆ మార్పుని వెనక్కి తీసుకున్నారు. సందు మళ్లీ తెరుచుకుంది.

అప్పటి లెక్క ఏంటంటే, ఈ పరుగు పందెం కాగితం మీద మాత్రమే సాధ్యం, నిజంగా ఎవరూ గెలవలేరు అని. ఆనాటి మిషన్లకి ఆ లెక్క పూర్తిగా తప్పు కూడా కాదు. కానీ మిషన్లు మారాయి. ఒకేసారి చాలా పనులు చేసే ప్రాసెసర్లు వచ్చాయి. కెర్నెల్ మెమరీ చూసే పద్ధతి కూడా మారింది. 2007లో వచ్చిన 2.6.22 వెర్షన్ నుంచి ఈ కన్నం నిజంగా దాడికి పనికొచ్చేదిగా ఉందని తర్వాత తేలింది. అంటే 'సాధ్యం కాదు' అన్నది రెండేళ్లలోనే సాధ్యమైపోయింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకో మాట ఉంది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. ఎస్-390 మిషన్ల ఇబ్బంది 2013లో వచ్చిన 3.9 వెర్షన్‌లో తీరిపోయింది. ఏ కారణంతో రిపేరు వెనక్కి తీసుకున్నారో, ఆ కారణమే పోయింది. అయినా "అప్పుడు ఒకటి వదిలేశాం గదా, ఇప్పుడు పెట్టేద్దాం" అని వెనక్కి వెళ్లి చూసినవాళ్లు లేరు. ఇంకో మూడేళ్లు గడిచాయి. ఇందులో ఎవరి కుట్రా లేదు. అడిగేవాడు లేకపోతే పెండింగ్ ఫైల్ పెండింగ్‌లోనే ఉంటుంది, అంతే.

2016: దొంగని పట్టించిన రికార్డు

2016లో ఫిల్ ఓస్టర్ అనే లినక్స్ డెవలపర్ చూసుకునే ఒక సర్వర్ మీద దాడి జరిగింది. ఈ దాడిలో చిక్కు ఏంటంటే, మామూలు లాగ్‌లలో దీని ఆనవాలు మిగలదు. కెర్నెల్ దృష్టిలో అంతా పద్ధతి ప్రకారమే జరిగింది కాబట్టి, ఫిర్యాదు రాసుకోవడానికి దానికేమీ కనపడదు.

కానీ ఓస్టర్‌కి ఒక అలవాటు ఉంది. తన సర్వర్‌కి బయటి నుంచి వచ్చే వెబ్ ట్రాఫిక్ మొత్తాన్ని రికార్డు చేసి దాచుకునేవాడు. ఆ రికార్డు వెతికితే, దాడి చేసినవాళ్లు ఎక్కించిన ప్రోగ్రాం దొరికింది. దాన్ని పరీక్షించి చూస్తే, మామూలు యూజర్ ఐదు సెకన్లలోపే రూట్ అవుతున్నాడు. ఆయన వెంటనే కెర్నెల్ బృందానికి చెప్పాడు.

2016 అక్టోబర్ 19న ఈ కన్నం సంగతీ, రిపేరు సంగతీ లోకానికి తెలిశాయి. రిపేరు రాసింది మళ్లీ టోర్వాల్డ్సే. మార్పుతో పాటు రాసిన నోట్‌లో, ఇది పాత తప్పేననీ, పదకొండేళ్ల కింద తాను సరిచేయబోయి సరిగ్గా చేయలేకపోయాననీ ఒప్పుకున్నాడు. ఆ నోట్ ఇప్పటికీ లినక్స్ చరిత్రలో అందరూ చదవగలిగేలా ఉంది. ఇది చిన్న విషయం కాదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారు అన్నది బహిరంగంగా రాసి ఉండబట్టే ఈ రోజు మనం ఈ చరిత్ర రాసుకోగలుగుతున్నాం.

రిపేరు తయారైంది, చేరిందా?

పెద్ద కంపెనీల సర్వర్లకి మనుషులున్నారు. వార్త రాగానే ప్యాచ్ వేసుకుని, మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేశారు. ఫోన్ల సంగతి వేరు.

ఆండ్రాయిడ్‌కి రిపేరుని గూగుల్ 2016 డిసెంబర్ సెక్యూరిటీ ప్యాచ్‌లో పెట్టింది. కానీ గూగుల్ ఇచ్చినంత మాత్రాన మన ఫోన్‌లోకి రాదు. చిప్ తయారుచేసే కంపెనీ తన వంతు కలపాలి, ఫోన్ కంపెనీ తన మోడల్‌కి సరిపోయేలా మార్చి పరీక్షించి పంపాలి. ఇన్ని చేతులు మారాలి. ఖరీదైన ఫోన్‌కి పంపుతారు. తక్కువ ధర ఫోన్‌కి ఆలస్యంగా పంపుతారు, లేదా అసలు పంపరు. అమ్మి ఏడాదో రెండేళ్లో దాటిందంటే, చాలా మోడళ్లని మర్చిపోతారు.

అందుకే, ప్యాచ్ తయారై తొమ్మిది నెలలు దాటాక కూడా జెడ్‌నియుకి మనుషులు దొరికారు. అది గేమ్ యాప్‌ల వేషంలో, అశ్లీల యాప్‌ల వేషంలో వచ్చేది. ఇన్‌స్టాల్ చేయగానే డర్టీ కౌ సందులోంచి రూట్ అయి, ఎప్పుడైనా తిరిగి రావడానికి ఒక దొంగ తలుపు పెట్టుకునేది. చైనాలో అయితే, ఫోన్ యజమాని పేరు మీదే ఎస్.ఎం.ఎస్. ద్వారా డబ్బులు కట్టించేది. నెలకి 20 యువాన్లు మాత్రమే. చిన్న మొత్తం అయితే ఎవరికీ అనుమానం రాదని. పని అయ్యాక ఆ మెసేజ్‌లు చెరిపేసేది. మన దేశంలో ఆ చెల్లింపు పద్ధతి పని చేయదు కాబట్టి డబ్బులు పోలేదు. కానీ దొంగ తలుపు మాత్రం మన ఫోన్లలోనూ పెట్టింది.

రిపేరు మీద ఇంకో రిపేరు

2017 నవంబర్‌లో ఇంకో సంగతి బయటపడింది. 2016లో వేసిన రిపేరులోనే ఒక లోపం ఉందని బైండెసీ అనే సంస్థ పరిశోధకులు చూపించారు. మామూలు మెమరీ పేజీలకి సందు మూసుకుంది, పెద్ద సైజు పేజీల దగ్గర మాత్రం కొంచెం తెరిచే ఉంది. దానికి 'హ్యూజ్ డర్టీ కౌ' అని పేరు పెట్టారు. మొదటిదంత ప్రమాదం కాదు, ఆండ్రాయిడ్‌కి తగలలేదు. వెంటనే సరిచేశారు. కానీ లెక్క చూడండి: 2005లో ఒకసారి, 2016లో ఒకసారి, 2017లో ఒకసారి. ఒకే సందుని మూడుసార్లు మూయాల్సి వచ్చింది.

2022 మార్చిలో ఇదే పోలికతో 'డర్టీ పైప్' వచ్చింది. జర్మనీలో మాక్స్ కెల్లర్‌మన్ అనే ప్రోగ్రామర్ దాన్ని పట్టుకున్నాడు. మొదలు చాలా చిన్నది. కస్టమర్ల లాగ్ ఫైళ్లు అప్పుడప్పుడు పాడైపోతున్నాయని ఫిర్యాదు. ఎప్పుడో ఒకసారి జరిగే దాన్ని ఎవరైనా వదిలేస్తారు. ఆయన మాత్రం నెలల తరబడి వెంటపడి, కెర్నెల్ దాకా వెళ్లి అసలు కారణం తేల్చాడు.

డర్టీ పైప్ విషయంలో తమాషా ఏంటంటే, అది 2020లో వచ్చిన 5.8 వెర్షన్ నుంచి మొదలైంది. కాబట్టి పాత కెర్నెల్ ఉన్న ఫోన్లకి తగల్లేదు, గూగుల్ పిక్సెల్ 6 లాంటి అప్పటి కొత్త ఫోన్లకే తగిలింది. కానీ వాటికి రిపేరు కూడా వచ్చింది. అంటే ఫోన్ కొత్తదా పాతదా అన్నది అసలు ప్రశ్న కాదు. కన్నం ఎవరికైనా పడొచ్చు. రిపేరు ఎవరిదాకా చేరుతుంది అన్నదే ప్రశ్న.

ఇప్పుడు అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ, దొంగలు నిజంగా వాడుతున్న కన్నాల జాబితా ఒకటి నడుపుతోంది. 2021 నవంబర్‌లో మొదలైంది. డర్టీ కౌ, డర్టీ పైప్ రెండూ అందులో ఉన్నాయి. ఎప్పుడో 2016లో రిపేరు అయిన తప్పు, 2021లో మొదలైన జాబితాలో ఎందుకు ఉందంటారు? రిపేరు అందని మిషన్లు ఇంకా ఉన్నాయి కాబట్టే.

మనం దీంట్లో ఎక్కడున్నాం?

ఈ వరుసలో మనం చివర ఉన్నాం. అది మనకి కొత్త కాదు. రోడ్డు వచ్చినా, కరెంటు వచ్చినా, టవర్ వచ్చినా మన గూడెం దాకా ఎప్పుడు చేరిందో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. ఫోన్‌లోకి రావాల్సిన రిపేరు కూడా అట్లాంటిదే. పైగా మన ఇళ్లలో ఫోన్ చేతులు మారుతుంది. అన్న వాడిన ఫోన్ చెల్లికి, చెల్లి వాడింది అమ్మకి. కంపెనీ మర్చిపోయిన మోడల్‌లోనే స్కాలర్‌షిప్ ఓటీపీ వస్తుంది, నాన్న బ్యాంకు మెసేజ్ వస్తుంది, ఉపాధి హామీ కూలీ పడినట్టు తెలుస్తుంది.

అందుకని మూడు పనులు అడుగుతున్నాను.

ఒకటి. ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'అబౌట్ ఫోన్'లో 'సెక్యూరిటీ ప్యాచ్' తేదీ చూడండి. కొన్ని ఫోన్లలో ఇది 'సెక్యూరిటీ' అనే చోట ఉంటుంది. అప్‌డేట్ వచ్చి ఉంటే హాస్టల్ వైఫైలో అయినా సరే వేసుకోండి. ఇంట్లోవాళ్ల ఫోన్లూ చూడండి, వాళ్లంతట వాళ్లు చూసుకోరు.

రెండు. ప్యాచ్ తేదీ ఏళ్ల కిందటిది, అప్‌డేట్ ఇంక రాదు అని తేలితే, ఆ ఫోన్‌లో బ్యాంకు, యూపీఐ పెట్టకండి. వేరే ఫోన్ లేదంటే, కనీసం వాట్సాప్‌లో వచ్చిన ఏ.పి.కె. ఫైళ్లు, ప్లే స్టోర్ బయటి గేమ్‌లు దాంట్లో ఎక్కించకండి. ఈ కన్నం తనంతట తాను ఫోన్‌లోకి రాదు. ముందు ఏదో ఒక యాప్ లోపలికి రావాలి. ఆ మొదటి తలుపు మన చేతిలోనే ఉంది.

మూడు. ఇది బీటెక్, పాలిటెక్నిక్, బీసీఏ చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. లినక్స్ కోడ్ ఎవరైనా చదవొచ్చు. ప్రతి మార్పు వెనక ఎవరు, ఎందుకు అన్న నోట్ ఉంటుంది. 2005లో రిపేరు వెనక్కి తీసుకున్నప్పటి నోట్ కూడా పదకొండేళ్లు అక్కడే ఉంది, అందరి కళ్ల ముందే. 2013 తర్వాత ఒక్కరు దాన్ని తిరగేసి "ఈ కారణం పోయింది గదా" అని అడిగి ఉంటే, జెడ్‌నియుకి ఆ సందే దొరికేది కాదు. ఆ అడిగే మనిషి ఏ ఊరివాడైనా అయి ఉండొచ్చు. మన గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చదివి ఇప్పుడు కంప్యూటర్లు నేర్చుకుంటున్న పిల్లలు కూడా అయి ఉండొచ్చు. సెక్యూరిటీ అంటే హ్యాకింగ్ వీడియోలు చూడటం అనుకుంటున్నారు చాలామంది. పాత ఫైల్ తెరిచి, దీని సంగతి ఏమైంది అని ఓపిగ్గా అడగడం దాంట్లో పెద్ద భాగం. భూమి కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి మన పెద్దవాళ్లు నేర్చుకున్న విద్య కూడా అదే.

మీ ఇంట్లో ఫోన్ల ప్యాచ్ తేదీ ఏ సంవత్సరంలో ఆగిపోయిందో కింద రాయండి. మోడల్ పేరు, సంవత్సరం చాలు, నంబర్లు, ఇతర వివరాలు పెట్టొద్దు. అన్నీ కలిపి చూస్తే మనలో ఎంతమంది వరుస చివర ఉన్నామో మనకే తెలుస్తుంది.

జోహార్.